నాలుగు పేటల ముడి

ఇన్‌స్టంట్ నూడుల్స్‌తో వచ్చే మసాలా పొట్లం వెనక, సన్న అక్షరాల్లో, 627 అనో 635 అనో ఒక అంకె ఉంటుంది. రుచి పెంచడానికి కలిపే గ్వానిలేట్ అనే లవణానికి అది గుర్తు. 635 అయితే దానికి ఇనోసినేట్ కూడా తోడవుతుంది. గ్వానిలేట్ ఫ్యాక్టరీలో పుట్టిన వస్తువేమీ కాదు. మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏను కూర్చడానికి వాడే నాలుగు రకాల ముక్కల్లో అదొకటి. నార్వేలో పుట్టి స్వీడన్‌లోని లుండ్‌లో పనిచేసిన ఇవార్ బాంగ్ 1910లో ఈ గ్వానిలిక్ ఆమ్లాన్ని చిక్కగా కరిగించి చూస్తే, అది ద్రవంగా ఉండకుండా జిగురుగా పేరుకుపోయింది. ఆ సంగతి రాసి పెట్టాడు. ఎందుకలా అయిందో చెప్పే సాధనం అప్పట్లో ఎవరి దగ్గరా లేదు.

యాభై రెండేళ్లు గడిచాయి. ఈలోగా వాట్సన్, క్రిక్ 1953లో రెండు పేటల డీఎన్‌ఏ నమూనాను ప్రకటించారు. 1962లో వాళ్లకు నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలోని బెథెస్డాలో మార్టిన్ గెల్లర్ట్, మేరీ లిప్సెట్, డేవిడ్ డేవిస్ ఆ పాత జిగురును మళ్లీ ముందుకు తెచ్చారు. ఆరబెట్టి, పోగులుగా సాగదీసి, ఎక్స్‌రేలు పంపి చూశారు. అందులో తేలిన ఆకారం ఇదీ: గ్వానిలేట్‌లోని గ్వానిన్ అనే భాగాలు (డీఎన్‌ఏ అక్షరాల్లో ఇదొకటి) నాలుగు ఒకే మట్టాన చతురస్రంగా కూర్చుంటాయి. ప్రతి గ్వానిన్ ఒక పక్కనున్న దానికి రెండు హైడ్రోజన్ బంధాలు ఇస్తుంది, రెండో పక్కనుంచి రెండు పుచ్చుకుంటుంది. వెరసి ఎనిమిది బంధాలు, ఒక చదునైన పలక. అలాంటి పలకలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. గ్వానిన్‌లలోని ఆక్సిజన్ అణువులు లోపలివైపు తిరిగి ఉంటాయి కాబట్టి నడిమధ్యన సన్నటి ఖాళీ మిగులుతుంది. పొటాషియం అయాన్‌కు ఆ ఖాళీ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. సోడియం కూడా పడుతుంది గానీ అంత పట్టు ఉండదు. లిథియం అయితే బొత్తిగా పనికిరాదు. మన కణాల లోపల పొటాషియం సోడియం కంటే పదింతలు ఎక్కువ. అంటే ఈ కట్టడం నిలబడటానికి కావలసిన సరంజామా కణంలో ముందే సిద్ధంగా ఉంది.

జిగురులో విడివిడి ముక్కలు చేసిన పనిని ఒకే డీఎన్‌ఏ పేట కూడా చేయగలదు. పేట మీద మూడేసి గ్వానిన్‌లు వరసగా ఉండే చోట్లు దగ్గరదగ్గరగా నాలుగు వస్తే చాలు. ఆ పేట తన జంటను వదిలి, తనమీదికి తానే మడతపడి, మూడు పలకల స్తంభంగా బిగుసుకుంటుంది. దీని శాస్త్రీయ నామం జి-క్వాడ్రుప్లెక్స్. ఈ అధ్యాయంలో దీన్ని నాలుగు పేటల ముడి అందాం. ఉన్నది ఒక్క పేటే అయినా, మడతపడ్డాక స్తంభానికి నాలుగు నిలువు అంచులు ఉంటాయి.

1988లో హార్వర్డ్‌లో దీపాంకర్ సేన్, వాల్టర్ గిల్బర్ట్ రోగనిరోధక జన్యువుల దగ్గరి గ్వానిన్ వరసలు ఉప్పునీటిలో ఇలా నాలుగు పేటలు అల్లుకుంటాయని చూపించారు. మరుసటి ఏడు క్రోమోజోమ్‌ల కొసల్లో ఉండే అక్షరాలకూ ఇదే గుణం ఉందని తేలింది. అయినా చాలామంది జీవశాస్త్రవేత్తలు దీన్ని పరీక్షనాళికలో వినోదంగానే చూశారు. వాళ్ల అనుమానం అన్యాయమైనదేమీ కాదు. నీళ్లలో ఉప్పు వేసి, వేడిచేసి చల్లారిస్తే డీఎన్‌ఏ రకరకాల వేషాలు వేస్తుంది. కణంలో ఆ వేషం వేస్తుందా, వేస్తే దాంతో ఎవరికైనా పని ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు డీఎన్‌ఏ దగ్గర దొరకదు, ప్రొటీన్ల దగ్గర దొరుకుతుంది. కిందటి అధ్యాయంలో చూసిన అనులేఖన కారకాలు, అంటే జన్యువు నకలు తీయడాన్ని నడిపే ప్రొటీన్లు, డీఎన్‌ఏ గాడిలో వేలు పెట్టి అక్షరాలను తడిమి చదివేవి. ఇప్పుడు చూడబోయేవి వేరే జాతి. అక్షరాలు ఏమైనా సరే, ఆకారం ఫలానాది అయితేనే పట్టుకుంటాయి. ఒక వింత ఆకారాన్నే గుర్తుపట్టి పట్టుకోగల ప్రొటీన్‌ను పరిణామం తీర్చిదిద్దిందంటే, ఆ ఆకారం కణంలో ఎక్కడో నిజంగా తటస్థపడుతూ ఉండాలి.

జెడ్-డీఎన్‌ఏ కథ ఇందుకు మొదటి రుజువు. 1979లో ఎంఐటీలో అలెగ్జాండర్ రిచ్ బృందం ఆరు అక్షరాల డీఎన్‌ఏ స్ఫటికాన్ని పరిశీలించింది. డీఎన్‌ఏ స్ఫటికంలో అణువు అణువునూ విడదీసి చూడగలిగిన తొలి సందర్భాల్లో అదొకటి. తీరా చూస్తే మెలిక కుడివైపు కాకుండా ఎడమవైపు తిరిగి ఉంది, వెన్నెముక వంకరటింకరగా పోతోంది. ఇదే జెడ్-డీఎన్‌ఏ. ఫ్రిట్జ్ పోల్, థామస్ జోవిన్ 1972లోనే ఉప్పు ఎక్కువైతే ఇలాంటి డీఎన్‌ఏ ధ్రువిత కాంతికి తలకిందులుగా స్పందిస్తుందని చూశారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో వి. శశిశేఖరన్ 1970ల్లోనే డీఎన్‌ఏలో కుడి మెలికలు, ఎడమ మెలికలు కలగలిసి ఉండవచ్చని వాదించాడు. ఆ నమూనా నిలవలేదు. కానీ ఎడమ మెలిక అసంభవమని కొట్టిపారేసినవాళ్లు 1979 తర్వాత మాట మార్చుకోవాల్సి వచ్చింది. రిచ్ ప్రయోగశాలలోనే అలన్ హెర్బర్ట్ జెడ్-డీఎన్‌ఏను మాత్రమే పట్టుకునే ప్రొటీన్ కోసం వెతికాడు. 1990ల్లో ఒకటి దొరికింది, దాని పేరు ఎడార్1. అది అప్పటికే ఆర్‌ఎన్‌ఏలో అక్షరాలు దిద్దే ఎంజైమ్‌గా పరిచయం ఉన్నదే. దాని ఒక కొసన ఎడమ మెలికకు అమరే చిన్న భాగం ఉందని 1999లో స్ఫటిక చిత్రం తేల్చింది. మశూచి టీకాకు వాడిన వాక్సినియా వైరస్ కూడా అలాంటి భాగాన్నే తన ప్రొటీన్ ఒకదానిలో మోసుకు తిరుగుతోంది. మన కణాల్లో ఎడమ మెలికను పసిగట్టి ప్రమాదమని చాటే జెడ్‌బీపీ1 అనే ప్రొటీన్‌ను బోల్తా కొట్టించడానికి వైరస్‌కు అది పనికొస్తుంది. ఎవరికీ పనికిరాని ఆకారం కోసం వైరస్ అంత బరువు మోయదు.

జెడ్-డీఎన్‌ఏ సంగతి అక్కడితో ఆపుదాం. జన్యువు పలకడం (అంటే దాని నకళ్లు తయారవడం), పలకకపోవడం మీద ఎక్కువ పరిశోధన జరిగింది నాలుగు పేటల ముడి గురించే. అందులోనూ ఒకే ఒక్క జన్యువు దగ్గర. ఆ జన్యువు మిక్.

మిక్ జన్యువు మన ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది తయారుచేసే ప్రొటీన్ కణానికి పెరగమని, విభజన చెందమని పురమాయిస్తుంది. పని కాగానే చప్పున మాయమవుతుంది. ఆ ప్రొటీన్, దాని ఆర్‌ఎన్‌ఏ రెండూ అరగంట అటూ ఇటుగా సగానికి తగ్గిపోతాయి. కాబట్టి మిక్ పాళ్లు ఎప్పుడూ తాజాగా, అవసరమంత మేరకే ఉండాలి. అది అదుపు తప్పితే క్యాన్సర్. బర్కిట్ లింఫోమాలో ఎనిమిదో క్రోమోజోమ్ ముక్క తెగి మరో క్రోమోజోమ్‌కు అతుక్కుని మిక్ ఆగకుండా పలుకుతుంది. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో సగానికి పైగా ఏదో ఒక విధంగా మిక్ ఆధిక్యం కనిపిస్తుంది.

ఈ జన్యువుకు నకలు తీయడం మొదలయ్యే చోటుకు 115 నుంచి 142 అక్షరాల ఎగువన ఒక చిన్న పట్టీ ఉంది. పొడవు 27 అక్షరాలు. ఒక పేట మీద చదివితే అందులో 20 గ్వానిన్‌లు, నాలుగు ఎడినిన్‌లు, మూడు థైమిన్‌లు. మిక్ పలకడంలో నూటికి 80 నుంచి 90 పాళ్లు ఈ పట్టీ చేతిలోనే ఉన్నాయని ప్రయోగాలు చెప్పాయి. పేటలు విడిపోయి ఉన్న చోటనే కత్తిరించే ఎంజైమ్‌ను వేస్తే అది సరిగ్గా ఇక్కడే కొరుకుతుంది. అంటే జన్యువు చురుగ్గా ఉన్నప్పుడు ఇక్కడ రెండు పేటలు జంటగా లేవు.

ఎందుకు విడిపోతాయి? పేనిన కొబ్బరి తాడు రెండు పేటల మధ్య ఒక పుల్ల దూర్చి, తాడును తిరగనివ్వకుండా పట్టుకుని పుల్లను ముందుకు తోసి చూడండి. పుల్లకు ముందు తాడు బిర్రబిగుసుకుంటుంది, వెనక మెలిక సడలి పేటలు విచ్చుకుంటాయి. నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ డీఎన్‌ఏలో చేసే పని అదే. లీరాయ్ లియు, జేమ్స్ వాంగ్ 1987లో ఈ లెక్క చెప్పారు. సుమారు పదిన్నర అక్షరాలకు ఒక మెలిక. పాలిమరేజ్ నిమిషానికి రెండు వేల అక్షరాలు చదివితే నిమిషానికి 190 మెలికల బిగువు ముందు పేరుకుంటుంది, అంత సడలింపు వెనక మిగులుతుంది. దీన్ని సర్దడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైములు ఉన్నాయి. వాటిలో మొదటిదాన్ని 1971లో కనిపెట్టింది ఈ వాంగే. కానీ ఉరవడిగా నకళ్లు తీస్తున్నప్పుడు ఆ ఎంజైములకు తీరిక చాలదు. సడలింపు ఎగువకు పాకి, బలహీనమైన చోట పేటలను విప్పుతుంది. విడిపోయిన పేటకు మడతపడే స్వేచ్ఛ వస్తుంది.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో డేవిడ్ లెవెన్స్ బృందం ఇక్కడి నుంచి కథను చాలా ముందుకు తీసుకుపోయింది. మిక్‌కు దాదాపు 1,500 అక్షరాల ఎగువన ఇంకో పట్టీ ఉంది, దాని పేరు ఫ్యూజ్. ఇందులో గ్వానిన్ వరసలు లేవు, తేలిగ్గా విడిపోయే అక్షరాలున్నాయి. మిక్ నకళ్లు జోరందుకోగానే ఆ సడలింపు ఇక్కడిదాకా వచ్చి పేటలను విప్పుతుంది. విడిపడ్డ ఒంటి పేటను ఎఫ్‌బీపీ అనే ప్రొటీన్ పట్టుకుని పాలిమరేజ్‌ను ఇంకా తోస్తుంది. జోరు మరీ పెరిగి పేట మరికొంత విచ్చుకుంటే ఎఫ్‌ఐఆర్ అనే రెండో ప్రొటీన్ వచ్చి చేరి కళ్లెం వేస్తుంది. జన్యువు ఎంత వేగంగా చదవబడుతోందో డీఎన్‌ఏ మెలికే కొలుస్తుంది, ఆ కొలతను ప్రొటీన్లు అందుకుంటాయి, వేగం సర్దుకుంటుంది. నా మటుకు నాకు అణుజీవశాస్త్రంలో ఇంత ముచ్చటైన ఏర్పాటు మరొకటి కనబడలేదు. క్వాడ్రుప్లెక్స్‌కు వచ్చిన పేరులో పదోవంతు కూడా ఫ్యూజ్‌కు రాకపోవడం ఏం న్యాయమో తెలియదు.

పేరు వచ్చింది 2002లో, అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో. లారెన్స్ హర్లీ, ఆడమ్ సిద్దికీ-జైన్, వాళ్ల సహచరులు మిక్ పట్టీని చిన్న డీఎన్‌ఏ వలయంలో, అంటే ప్లాస్మిడ్‌లో పెట్టారు. దాని పక్కన వెలుగు పుట్టించే జన్యువును కలిపారు. పట్టీ ఎంత పలికితే అంత వెలుగు. ముడి చెడేలా ఒకే ఒక్క గ్వానిన్‌ను ఎడినిన్‌గా మారిస్తే వెలుగు మూడింతలైంది. ముడిని బిగించే టీఎంపీవైపీ4 అనే పోర్ఫిరిన్ అణువును వేస్తే తగ్గింది. తీర్పు స్పష్టంగా ఉంది: ముడి పడితే మిక్ ఆగుతుంది, విప్పితే పలుకుతుంది. ముడిని బిగించే మందు చేస్తే మిక్‌ను అణచవచ్చు, క్యాన్సర్‌ను కట్టడి చేయవచ్చు. ఈ ఆశ మీద ప్రపంచమంతటా ప్రయోగశాలలు లేచాయి.

ముడిని పట్టుకునే ప్రొటీన్ల వేట కూడా ఆ ఊపులోనే సాగింది. 2009లో హర్లీ బృందమే న్యూక్లియోలిన్‌ను పట్టుకుంది. దాని సొంత ఇల్లు రైబోజోమ్‌లు తయారయ్యే కేంద్రకాంశం. అయినా మిక్ ముడిని గట్టిగా పట్టుకుని బిగించి, జన్యువును నెమ్మదింపజేస్తుంది. అదే ఏడాది ఢిల్లీలోని ఐజీఐబీలో శంతను చౌధురి బృందం ఎన్ఎం23-హెచ్2 అనే ప్రొటీన్ ఇదే ముడి దగ్గర చేరి మిక్‌ను పలికిస్తుందని చూపింది. ఎదుటి పేట మీద ఉండే సైటోసిన్ వరసలను హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీ-కె పట్టుకుంటుంది. దానిదీ పలికించే పక్షమే. ఒకే చోట ఒకడు ఆపేవాడు, ఇద్దరు తోసేవాళ్లు. ముడి పడటం ఒక్కటే సంగతి కాదని, ముడి మీద ఎవరు కూర్చున్నారన్నది దానంత ముఖ్యమని ఇక్కడే అనుమానం రావాల్సింది. కొందరికి వచ్చింది. మందుల వేటలో ఉన్నవాళ్లకు ఆలస్యంగా వచ్చింది.

ప్రొటీన్ ముడిని ఎలా గుర్తుపడుతుందో దగ్గర నుంచి చూడాలంటే డీహెచ్ఎక్స్36 మంచి ఉదాహరణ. ఇది ముడి విప్పే ఎంజైమ్. మిక్ ముడిని పట్టుకుని ఉన్న దశలో దాని స్ఫటిక చిత్రం 2018లో వచ్చింది. మామూలు డీఎన్‌ఏలో అక్షరాల జంటల చదునైన ముఖాలు ఒకదాని కింద ఒకటి దాగి ఉంటాయి, బయటికి కనబడేవి అంచులే. ముడిలో అలా కాదు. స్తంభం పైకొసన నాలుగు గ్వానిన్‌ల పలక మొత్తం తెరుచుకుని ఉంటుంది. డీహెచ్ఎక్స్36 నుంచి పొడుచుకు వచ్చిన ఒక చిన్న సర్పిలం, నీటిని దూరంగా ఉంచే తన పక్కను కిందికి తిప్పి, ఆ పలక మీద బల్లపరుపుగా పడుకుంటుంది. ముడి నుంచి వేలాడే తోక కొసను ఎంజైమ్ వేరే గాడి బిగించి పట్టుకుని లాగుతుంది. ఒక్క అక్షరం మేర లాగేసరికే మూడు పలకల అమరిక చెదిరి రెండు పలకలకు దిగజారుతుంది. చిత్రంలో కనబడేది ఆ క్షణమే. అక్షరాల వరసను చదివే ప్రయత్నం ఎక్కడా లేదు. పలక ఉందా, తోక ఉందా అన్న రెండు గుర్తులతోనే ప్రొటీన్ పని కానిస్తోంది.

ఇలాంటి ప్రొటీన్ లోపిస్తే ఏమవుతుంది? ఆక్స్‌ఫర్డ్‌లో డగ్లస్ హిగ్స్, రిచర్డ్ గిబ్బన్స్ ఏళ్ల తరబడి వెంటాడిన ఒక జబ్బు దీనికి జవాబు. ఆ జబ్బు ఉన్న మగపిల్లల్లో బుద్ధిమాంద్యంతోపాటు ఆల్ఫా థలసీమియా ఉంటుంది. హీమోగ్లోబిన్‌కు కావలసిన ఆల్ఫా గొలుసులు చాలవు, మిగిలిపోయిన బీటా గొలుసులు నాలుగేసి జట్టుకట్టి హీమోగ్లోబిన్-హెచ్‌గా మారతాయి. పిల్లవాడి రక్తంలో బ్రిలియంట్ క్రెసిల్ బ్లూ రంగు కలిపి, ఒంటి వేడి దగ్గర కాసేపు ఉంచి, గాజు పలక మీద పూత వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆ హెచ్ ఉన్న ఎర్రకణాలు ఒళ్లంతా సన్నటి నీలి చుక్కలతో తేలికగా బయటపడతాయి. వింత ఏమంటే ఈ పిల్లల ఆల్ఫా గ్లోబిన్ జన్యువుల్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

అక్షరం తప్పితే వచ్చే రకం మనకు బాగా తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లోని కోయదొరల రక్తంలో దొరికి, 1975లో వాళ్ల పేరుతోనే లోకానికి తెలిసిన హీమోగ్లోబిన్ కోయదొర అలాంటిది. ఆల్ఫా గొలుసు ముగిసిందని చెప్పే గుర్తులో ఒక అక్షరం మారడంతో, 141 దగ్గర ఆగాల్సిన గొలుసు 172 దాకా సాగిపోతుంది. తప్పు ఏ అక్షరంలో ఉందో వేలు పెట్టి చూపించవచ్చు. ఆక్స్‌ఫర్డ్ పిల్లల్లో తప్పు ఆల్ఫా జన్యువులున్న పదహారో క్రోమోజోమ్ మీద లేనే లేదు, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. 1995లో ఆ జన్యువు దొరికింది. దానికి ఏటీఆర్‌ఎక్స్ అని పేరు పెట్టారు.

ఆ తర్వాత ఇంకో చిక్కు మిగిలింది. ఏటీఆర్‌ఎక్స్‌లో అచ్చంగా ఒకే లోపమున్న పిల్లల్లో ఒకడి రక్తంలో నీలి చుక్కల కణాలు కుప్పలుగా ఉంటాయి, మరొకడిలో గాలించినా కనబడవు. 2010లో జవాబు వచ్చింది. ఆల్ఫా జన్యువుల సమీపాన గ్వానిన్‌లు నిండిన ఒక చిన్న వరస పదేపదే తిరగరాసి ఉంటుంది. ఎన్నిసార్లు అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఏటీఆర్‌ఎక్స్ ప్రొటీన్ వెళ్లి కూర్చునేది అక్కడే. పరీక్షనాళికలో అది నాలుగు పేటల ముడిని పట్టుకుంటుంది కూడా. అక్కడ డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లను కొత్తగా వేయించి డీఎన్‌ఏ ముడిపడకుండా సర్దుతుందని పరిశోధకుల వాదన. ప్రొటీన్ లోపించినప్పుడు ఆ తిరగరాత ఎంత పొడవుగా ఉంటే ఆల్ఫా జన్యువు అంత మూగబోతుంది. తిరగరాత పొట్టిగా ఉన్న పిల్లవాడు రక్తం మటుకు బయటపడతాడు. ఎవరి ఒంట్లోనైనా ఉండే, ఏ జబ్బూ చేయని ఒక తేడా, ప్రొటీన్ పోయిన రోజున జబ్బు తీవ్రతను నిర్ణయిస్తోంది.

మళ్లీ మిక్ దగ్గరికి వద్దాం. ముడులు కణంలో నిజంగా పడతాయా అన్న తగవు 2013లో కొత్త మలుపు తిరిగింది. చెన్నైలో పుట్టి పసితనంలోనే ఇంగ్లండ్ వెళ్లిన శంకర్ బాలసుబ్రమణియన్ కేంబ్రిడ్జ్ ప్రయోగశాలలో ముడిని మాత్రమే పట్టుకునే బీజీ4 అనే యాంటీబాడీని తయారుచేశారు. ఇవాళ జన్యుక్రమాలను చవకగా చదివిపెడుతున్న సొలెక్సా పద్ధతికి ఇద్దరు మూలపురుషుల్లో ఆయనొకరు. బీజీ4తో మనిషి కణాల కేంద్రకంలో ముడులు మెరిసే చుక్కలుగా కనిపించాయి. అయితే యాంటీబాడీయే డీఎన్‌ఏను మడతపెట్టి ఉండవచ్చు కదా అని ఎదురు ప్రశ్న వచ్చింది. గట్టి ప్రశ్నే. ఆర్‌ఎన్‌ఏ విషయంలో 2016లో గువో, బార్టెల్ చేసిన పని ఆ అనుమానాన్ని బలపరిచింది కూడా. పరీక్షనాళికలో బ్రహ్మాండంగా ముడిపడే ఆర్‌ఎన్‌ఏ వరసలు జీవకణంలో దాదాపు అన్నీ విప్పుకునే ఉన్నాయని వాళ్లు చూపించారు.

డీఎన్‌ఏ విషయంలో లెక్కలే తగవు తీర్చాయి. మన 300 కోట్ల అక్షరాల్లో ముడిపడగల చోట్లు 3,75,000కు పైగా ఉన్నాయని 2005లో కంప్యూటర్‌తో లెక్కగట్టారు. 2015లో విడిగా తీసిన డీఎన్‌ఏను ప్రయోగంలో పరీక్షిస్తే అవి ఏడు లక్షలు దాటాయి. 2016లో కేంబ్రిడ్జ్ బృందం చర్మకణాల క్రోమాటిన్‌లో, అంటే హిస్టోన్‌లకు చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏలో, వెతికితే దొరికినవి సుమారు 10,000. ఎక్కడ పడితే అక్కడ పడేదే అయితే లక్షల్లో ఉండాలి. ఉన్నది పదివేలు. అవీ హిస్టోన్‌లు తొలగిన చోట్ల, జన్యువుల మొదళ్ల దగ్గర ఉన్నాయి. ఇంకా తమాషా ఏమంటే, ముడి ఉన్న జన్యువులు మూగగా లేవు. మిగతావాటికంటే ఎక్కువ పలుకుతున్నాయి.

2002 నాటి తీర్పుకు ఇది పూర్తిగా ఎదురు. ఆ తర్వాత దొరికిన ప్రొటీన్లు కూడా ఈ పక్షమే పలికాయి. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు వేసి జన్యువులను మూయించే డీఎన్‌ఎంటీ1 ఎంజైమ్ ముడిని గట్టిగా పట్టుకుని, పట్టుకున్నాక తన పని తాను చేయలేకపోతుందని 2018లో తేలింది. ముడి దగ్గర జన్యువు తెరిచి ఉండటానికి అదొక కారణం. దూరదూరంగా ఉన్న డీఎన్‌ఏ భాగాలను దగ్గరికి లాగే వైవై1 ముడులను పట్టుకునే ఆ పని చేస్తుందని 2021లో మరో బృందం చూపింది. గ్వానిన్, సైటోసిన్ అక్షరాలు చదివేదని పాఠ్యపుస్తకాలు చెప్పే ఎస్‌పీ1 కూడా ముడి ఆకారాన్ని పట్టుకుంటుంది. ఆకారం చదివేవాళ్లు, అక్షరాలు చదివేవాళ్లు అని నేను పైన గీసిన గీత ఎస్‌పీ1 దగ్గర చెరిగిపోతుంది.

అసలు పరీక్ష 2024లో జరిగింది. బాలసుబ్రమణియన్ బృందం ప్లాస్మిడ్‌ల జోలికి పోకుండా, జీవకణంలో మిక్ సొంత స్థలంలోనే క్రిస్పర్‌తో అక్షరాలు మార్చింది. ముడిపడలేని వరస పెడితే మిక్ పలకడం పడిపోయింది. ఆ చోట కేరాస్ అనే వేరే జన్యువు నుంచి తెచ్చిన, అక్షరాలు పూర్తిగా వేరైనా ముడిపడే వరసను పెడితే మళ్లీ పలికింది. అక్షరాలు మారినా ఫరవాలేదు, ముడి మాత్రం ఉండాలి. అనులేఖన కారకాలు వచ్చి చేరేది ఆ ముడి దగ్గరికే.

అయితే 2002 ప్రయోగం తప్పా? నేను అలా అనను. అది చిన్న ప్లాస్మిడ్‌లో జరిగిన ప్రయోగం. అక్కడ క్రోమాటిన్ అమరిక క్రోమోజోమ్‌లో ఉన్నట్టు ఉండదు. 1,500 అక్షరాల ఎగువన ఫ్యూజ్ లేదు. మెలికల బిగువు, సడలింపు సహజంగా పాకే పొడవు లేదు. ఆ కొద్ది చోటులో ముడి అడ్డంకిగానే ప్రవర్తించి ఉంటుంది. తప్పు ఎక్కడంటే, అక్కడ చూసినదాన్ని కణానికంతటికీ వర్తింపజేయడంలో. టీఎంపీవైపీ4 అణువూ అంతే. అది మిక్ ముడినే పట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు, ఏ ముడి దొరికితే దాన్ని పట్టుకుంటుంది. దానివల్ల కణంలో వచ్చే ప్రతి మార్పునూ మిక్ ఖాతాలో రాయడం సాహసమే.

మందుల కథా ఇలాగే మలుపు తిరిగింది. మిక్ ముడికి గురిపెట్టి మొదలైన పరిశోధన నుంచి క్వార్‌ఫ్లాక్సిన్ అనే మందు పుట్టి, రోగులపై రెండో దశ పరీక్షల దాకా వెళ్లింది. కణంలోకి పోయాక అది చేరిన చోటు మిక్ కాదు, కేంద్రకాంశం. అక్కడ రైబోజోమ్ జన్యువుల ముడుల మీద కూర్చున్న న్యూక్లియోలిన్‌ను లేపేయడం దాని అసలు పని అని తేలింది. ఆ మందు ముందుకు సాగలేదు. దాని తర్వాత వచ్చిన సీఎక్స్-5461 బీఆర్‌సీఏ లోపమున్న క్యాన్సర్లలో పరీక్షకు వచ్చింది. అది మిక్‌ను ఆపే మందుగా కాక, తెగిన డీఎన్‌ఏను అతుక్కోలేని కణాలను చంపే మందుగా పరీక్షకు నిలిచింది. తీసుకున్న కొందరికి ఎండ తగిలితే ఒళ్లు కమిలింది. మిక్ ముడికే గురిపెట్టిన మందు ఇంతవరకు ఏదీ అనుమతి పొంది మందుల షాపుకు చేరలేదు.